ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో సర్టిఫికెట్ల తనిఖీ లోపం: పరీక్ష పూర్తికాకున్నా ఆమోదం

ఇంటర్నెట్‌లో సమాచార మార్పిడికి రక్షణ కల్పించే 'ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్' అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో సర్టిఫికెట్ల తనిఖీకి సంబంధించిన ఒక లోపాన్ని సరిచేసినట్లు దాని నిర్వాహకులు 2009 జనవరి 7న ప్రకటించారు. అవతలి కంప్యూటర్ పంపిన డిజిటల్ సంతకాన్ని పరీక్షించడం సాధ్యం కానప్పుడు దానిని తిరస్కరించవలసి ఉండగా, ఈ సాఫ్ట్‌వేర్ కొన్ని సందర్భాలలో దానిని సరైన సంతకంగా స్వీకరించేది. సీవీఈ-2008-5077 సంఖ్యతో నమోదైన ఈ లోపాన్ని గూగుల్ భద్రతా బృందం గుర్తించి నిర్వాహకుల దృష్టికి తెచ్చింది.

సవరణ చాలా చిన్నది. కోడ్‌లో కొన్ని చోట్ల ఒక షరతును మార్చడంతో పని పూర్తయినది. అయినప్పటికీ ఇదే కోవకు చెందిన పొరపాట్లు తరువాతి కాలంలో ఇతర సంస్థల సాఫ్ట్‌వేర్‌లలోనూ బయటపడ్డాయి. ప్రభుత్వ సేవలు, బ్యాంకు లావాదేవీలు, కార్యాలయ ఉత్తరప్రత్యుత్తరాలు అధిక భాగం కంప్యూటర్ల ద్వారానే సాగుతున్న నేపథ్యంలో ఈ లోపం స్వభావాన్ని అధికారులు, పాత్రికేయులు తెలుసుకొనవలసిన అవసరం ఉన్నది.

సర్టిఫికెట్ చేసే పని

సర్టిఫికెట్ అనగానే ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రాలు గుర్తుకు రావడం సహజం. కంప్యూటర్ల మధ్య వాడే డిజిటల్ సర్టిఫికెట్ రూపంలో వాటికి భిన్నమైనప్పటికీ ఉద్దేశంలో వాటిని పోలి ఉంటుంది. 'ఈ వ్యక్తి ఫలానా' అని తహసీల్దారు ధ్రువీకరించినట్లే, 'ఈ పబ్లిక్ కీ ఫలానా వెబ్‌సైట్‌కు చెందినది' అని ఒక ధ్రువీకరణ సంస్థ తన డిజిటల్ సంతకంతో ధ్రువీకరిస్తుంది. వెబ్‌సైట్ పేరు, దాని పబ్లిక్ కీ, చెల్లుబాటు గడువు, జారీ చేసిన సంస్థ పేరు, ఆ సంస్థ సంతకం ఈ సర్టిఫికెట్‌లో ఉంటాయి. ఆ సంస్థకు మరొక పై సంస్థ, దానికి మూల సంస్థ ధ్రువీకరణ ఇస్తాయి. ఈ వరుసనే సర్టిఫికెట్ల శ్రేణి అంటారు. మూల సంస్థల జాబితా కంప్యూటర్‌లోనో బ్రౌజర్‌లోనో ముందుగానే పొందుపరచి ఉంటుంది.

సురక్షిత సంభాషణకు రెండు అంశాలు అవసరం. మొదటిది, మార్గమధ్యంలో ఇతరులు చదవలేని విధంగా సమాచారాన్ని మార్చడం. దీనినే ఎన్‌క్రిప్షన్ అంటారు. రెండవది, అవతల ఉన్నది ఎవరో నిర్ధారించుకోవడం. ఈ రెండవ పనికే సర్టిఫికెట్ ఉపయోగపడుతుంది. దొంగ చెవిలోనే రహస్యం చెబుతున్నప్పుడు ఎంత మెల్లగా చెప్పినా ప్రయోజనం ఉండదు. అదే విధంగా, అవతలి వ్యక్తి ఎవరో తేల్చుకోకుండా చేసే ఎన్‌క్రిప్షన్ ఎంత బలమైనదైనా రక్షణ కల్పించజాలదు.

ఈ కారణంగా వినియోగదారుని కంప్యూటర్ పలు విషయాలను పరిశీలిస్తుంది. సర్టిఫికెట్‌లోని పేరు, తాను కోరిన వెబ్‌సైట్ పేరు ఒక్కటేనా? గడువు తీరలేదా? జారీ చేసిన సంస్థ నమ్మదగిన మూల సంస్థ వరకు చేరుతున్నదా? శ్రేణిలోని ప్రతి సంతకం సరైనదేనా? ఆ సర్టిఫికెట్‌కు సంబంధించిన రహస్య కీ నిజంగా అవతలి కంప్యూటర్ వద్ద ఉన్నదా? వీటిలో ఏ ఒక్క ప్రశ్నకు అనుకూలమైన జవాబు రాకపోయినా అనుసంధానాన్ని నిలిపివేయవలసి ఉంటుంది.

లైబ్రరీ ప్రాముఖ్యం

ఈ పరీక్షలు సంక్లిష్టమైన గణితంతో కూడుకున్నవి. ప్రతి సాఫ్ట్‌వేర్ రచయిత వీటిని స్వయంగా రాసుకోవడం సాధ్యం కాదు, క్షేమమూ కాదు. అందువల్ల ఒకచోట రాసి పెట్టిన కోడ్‌ను అందరూ వాడుకునే పద్ధతి ఏర్పడింది. ఆ ఉమ్మడి కోడ్ సంపుటినే లైబ్రరీ అంటారు. 1998 డిసెంబరులో ప్రారంభమైన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ఈ తరహా లైబ్రరీలలో ప్రముఖమైనది. దాని కోడ్‌ను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, వాడుకోవచ్చు. వెబ్ సర్వర్లు, ఈ-మెయిల్ వ్యవస్థలు, నెట్‌వర్క్ పరికరాలు మొదలుకొని అసంఖ్యాకమైన సాఫ్ట్‌వేర్‌లు దీనిపై ఆధారపడ్డాయి. ఇందువల్ల కలిగే లాభానికి, నష్టానికి కారణం ఒక్కటే. ఒకచోట చేసిన మేలు అందరికీ చేరుతుంది. ఒకచోట దొర్లిన పొరపాటు కూడా అందరికీ చేరుతుంది.

మూడు జవాబులు, రెండు దారులు

ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో సంతకాన్ని పరీక్షించే ఫంక్షన్ మూడు రకాల జవాబులు ఇస్తుంది. సంతకం సరైనదైతే 1, సరైనది కాకపోతే 0, పరీక్ష జరిపే క్రమంలోనే ఆటంకం ఏర్పడితే -1. సంతకం ఉండవలసిన ఆకృతిలో లేనప్పుడు, దానిని విడదీసి చదవడం వీలుకానప్పుడు ఈ మూడవ జవాబు వస్తుంది.

లోపం సంతకాన్ని పరీక్షించే గణితంలో లేదు. వచ్చిన జవాబును చదివే చోట ఉన్నది. ఆ ఫంక్షన్‌ను పిలిచిన కోడ్ అనేక చోట్ల 'జవాబు సున్నాయా?' అని మాత్రమే ప్రశ్నించింది. సున్నా అయితే తిరస్కరించింది, కాకపోతే ముందుకు సాగింది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌ను రాసిన 'సి' భాషలో సున్నా కాని ప్రతి సంఖ్యా 'నిజం' కిందనే లెక్క. కనుక -1 కూడా 1తో సమానంగా చెల్లుబాటైనది. 'పరీక్షించలేకపోయాను' అన్న జవాబు 'సరిపోయింది' అన్న అర్థంలో స్వీకరించబడినది.

దీనిని కార్యాలయ వ్యవహారాలతో పోల్చి చూడవచ్చు. ఖజానా కార్యాలయానికి వచ్చిన బిల్లుపై సంతకాన్ని నమూనా సంతకంతో సరిచూసే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించారనుకుందాం. అతడు 'సంతకం కలిసింది' అనో, 'కలవలేదు' అనో, 'చదవడానికి వీలుగా లేదు' అనో రాసి పంపుతాడు. సొమ్ము చెల్లించే ఉద్యోగికి మాత్రం 'కలవలేదు అని ఉంటే ఆపండి' అన్న ఒక్క ఆదేశమే ఉన్నది. అప్పుడు చదవడానికి వీలుగాని గీతలతో వచ్చిన బిల్లుకు సైతం చెల్లింపు జరిగిపోతుంది. సరిచూసిన ఉద్యోగి తన పని సక్రమంగానే చేశాడు. చెల్లించిన ఉద్యోగి ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. తప్పు ఆదేశంలో ఉన్నది. 'కలిసింది అని ఉంటేనే చెల్లించండి' అని రాయవలసిన చోట 'కలవలేదు అని ఉంటే ఆపండి' అని రాయడమే దోషం.

2009 జనవరిలో విడుదలైన 0.9.8జె వెర్షన్‌లో ఈ ఆదేశాన్నే మార్చారు. 'సున్నా అయితే' అన్న షరతు స్థానంలో 'సున్నా గాని, అంతకంటె తక్కువ గాని అయితే' తిరస్కరించాలన్న షరతును చేర్చారు.

దాడికి అవకాశం ఎలా కలిగింది?

వినియోగదారునికీ వెబ్‌సైట్‌కూ మధ్య మార్గంలో చొరబడగలిగిన వ్యక్తి ఈ లోపాన్ని ఆసరాగా తీసుకొనే వీలు ఉండేది. అతడు తానే అసలు వెబ్‌సైట్‌నని చెప్పుకుంటూ, కావాలని రూపం చెడగొట్టిన సంతకాన్ని పంపితే చాలు. సరైన సంతకాన్ని సృష్టించడానికి రహస్య కీ అవసరం. చెడిపోయిన సంతకాన్ని సృష్టించడానికి ఏ కీ అవసరం లేదు. నకిలీ సంతకాన్ని నేర్పుగా చేసిన వానిని పట్టుకొనగలిగిన వ్యవస్థ, అసలు సంతకమే కాని దానిని వదలివేయడం ఈ ఉదంతంలోని వైపరీత్యం.

లోపం పరిధిని కూడా నిర్వాహకులు స్పష్టంగా తెలియజేశారు. డీఎస్ఏ, ఈసీడీఎస్ఏ అనే పద్ధతుల సంతకాల తనిఖీకి మాత్రమే ఇది వర్తించింది. ఆర్ఎస్ఏ కీ కలిగిన సర్టిఫికెట్ల విషయంలో ఈ ప్రమాదం లేదు. వినియోగదారుల సర్టిఫికెట్లను సర్వర్లు తనిఖీ చేసే ప్రక్రియకు కూడా ఇది వర్తించలేదు. నాటి పరిస్థితిలో ఆర్ఎస్ఏ వాడకమే అధికం. నేడు ఈసీడీఎస్ఏ వాడకం విస్తృతమైనది. 2018లో వెలువడిన టీఎల్ఎస్ 1.3 ప్రమాణం డీఎస్ఏను పూర్తిగా తొలగించినది. ఈ రోజులలో అటువంటి లోపమే మళ్లీ తలెత్తితే దాని ప్రభావం 2009 నాటి కంటె ఎక్కువగా ఉండగలదన్నది గమనించవలసిన విషయం.

ఎందుకు బయటపడలేదు?

సాధారణంగా సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే ఏదో ఒక పని ఆగిపోతుంది, ఫిర్యాదు వస్తుంది, సరిచేస్తారు. సర్టిఫికెట్ల తనిఖీలోని లోపం ఇందుకు విరుద్ధమైనది. ఏ పనీ ఆగదు. సరైన వెబ్‌సైట్‌తో అనుసంధానం ఎప్పటివలెనే కుదురుతుంది. సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ప్రయాణిస్తుంది. లావాదేవీల నమోదు పుస్తకంలో 'సఫలం' అనే ఉంటుంది. ఆపవలసిన దానిని ఆపకపోవడమే లోపం కనుక, ఆపవలసినది ఎదురైనప్పుడే అది కనిపిస్తుంది.

'మౌనం అర్ధాంగీకారం' అన్న నానుడి పెండ్లి మాటలకు చెల్లవచ్చు. భద్రతా పరీక్షలకు అది ఎంతమాత్రం చెల్లదు. స్పష్టమైన అంగీకారం లేని ప్రతి జవాబునూ నిరాకరణగానే పరిగణించడం ఈ రంగంలో మౌలిక సూత్రం.

పునరావృతమైన పొరపాటు

ఈ లోపం ఒక్క ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌తో ఆగలేదు. ఆ లైబ్రరీ ఫంక్షన్లను పిలిచే ఇతర సాఫ్ట్‌వేర్‌లను పరిశీలించగా అదే పొరపాటు మరికొన్ని చోట్ల కనిపించింది. వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే 'బైండ్' సాఫ్ట్‌వేర్‌లోను, కంప్యూటర్ల గడియారాలను సరిచేసే 'ఎన్‌టీపీ' సాఫ్ట్‌వేర్‌లోను 2009 జనవరిలోనే సవరణలు చేయవలసి వచ్చింది.

2014 ఫిబ్రవరి 21న యాపిల్ సంస్థ ఐఫోన్లు, ఐప్యాడ్‌ల కోసం ఐఓఎస్ 7.0.6 వెర్షన్‌ను విడుదల చేసింది. సంతకం తనిఖీకి ముందే ఆ ప్రక్రియ నుండి బయటకు వెళ్లిపొమ్మనే ఒక పంక్తి కోడ్‌లో పొరపాటున రెండుసార్లు నమోదైనది. రెండవ పంక్తికి ఏ షరతూ లేనందున అసలు తనిఖీ ఎన్నడూ జరగలేదు. అప్పటి వరకు జరిగిన అంచెలలో తప్పు లేనందున, ఫలితం మాత్రం 'సఫలం' అనే వచ్చేది. మ్యాక్ కంప్యూటర్లకు సంబంధించిన సవరణ ఫిబ్రవరి 25న విడుదలైనది.

అదే సంవత్సరం మార్చి 3న 'గ్నూ టీఎల్ఎస్' అనే మరొక లైబ్రరీకి చెందిన సవరణ వెలువడింది. సర్టిఫికెట్‌ను పరీక్షించే ఫంక్షన్ 'అవును' లేదా 'కాదు' అని చెప్పవలసి ఉండగా, ఆటంకం కలిగినప్పుడు రుణ సంఖ్యను తిప్పి పంపేది. పిలిచిన కోడ్ దానిని 'అవును'గా స్వీకరించేది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడిన ఐదేళ్ల తరువాత, మరొక బృందం రాసిన కోడ్‌లో దాదాపు అదే పొరపాటు వెలుగుచూడడం గమనార్హం. రెడ్ హ్యాట్ సంస్థ కోసం జరిగిన కోడ్ పరిశీలనలో ఇది బయటపడింది.

2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని మరొక లోపాన్ని సరిచేసింది. దీనిని అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఆ కంపెనీకి తెలియజేసింది. నమ్మదగిన మూల సంస్థ పబ్లిక్ కీని సరిపోల్చిన విండోస్, ఆ కీకి ఆధారమైన గణిత పరామితులను పూర్తిగా సరిపోల్చలేదు. ఫలితంగా నకిలీ సర్టిఫికెట్ మూల సంస్థ ఇచ్చినట్లుగా చెలామణి అయ్యే అవకాశం ఏర్పడింది.

పరిశోధనల ఫలితాలు

ఇటువంటి లోపాలను వెలికితీయడానికి 2014లో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక వినూత్న పద్ధతిని అనుసరించారు. అసలైన సర్టిఫికెట్ల నుండి వేర్వేరు భాగాలను తీసి, వాటిని యాదృచ్ఛికంగా కలిపి సుమారు 80 లక్షల అతుకుల సర్టిఫికెట్లను తయారుచేశారు. వాటిని వేర్వేరు లైబ్రరీలకు ఇచ్చి ఫలితాలను సరిపోల్చారు. ఒక లైబ్రరీ ఆమోదించిన దానిని మరొకటి తిరస్కరించిన భేదాలు 208 వెల్లడయ్యాయి. ఒకే ప్రమాణాన్ని పాటిస్తున్నట్లు చెప్పుకునే సాఫ్ట్‌వేర్‌లు ఒకే సర్టిఫికెట్‌పై భిన్నమైన తీర్పులు ఇచ్చినప్పుడు, వాటిలో కనీసం ఒకటి తప్పయి ఉండాలి.

నిర్మాణ పద్ధతిలోనూ మార్పు వచ్చింది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ఆధారంగా గూగుల్ 2014లో వెల్లడించిన 'బోరింగ్ ఎస్‌ఎస్‌ఎల్'లో అధిక శాతం ఫంక్షన్లు సఫలమైతే 1, విఫలమైతే 0 మాత్రమే ఇచ్చేలా మార్చారు. మూడవ జవాబే లేనప్పుడు దానిని తప్పుగా చదివే అవకాశం కూడా ఉండదు.

లైబ్రరీ లోపం వేరు, జారీ లోపం వేరు

సర్టిఫికెట్లకు సంబంధించిన వార్తలలో రెండు భిన్నమైన విషయాలు తరచుగా కలిసిపోతుంటాయి. తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉండడం ఒకటి. ధ్రువీకరణ సంస్థ నుండే అనర్హమైన సర్టిఫికెట్ వెలువడడం మరొకటి.

రెండవ దానికి మన దేశానికి చెందిన ఉదాహరణ ఉన్నది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగం నుండి తన పేర్లపై అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్లు 2014 జులై 2న గూగుల్ గుర్తించింది. సమాచార సాంకేతిక చట్టం, 2000 కింద ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సులు ఇచ్చే కంట్రోలర్ కార్యాలయం మరుసటి రోజే సంబంధిత మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దుచేసింది. మైక్రోసాఫ్ట్ జులై 10న విండోస్‌లో వాటిపై నమ్మకాన్ని తొలగించింది. ఇక్కడ తనిఖీ చేసిన సాఫ్ట్‌వేర్‌లో దోషం లేదు, సంతకం నిజమైనదే. అందువల్ల రద్దు చేయడమే పరిష్కారమైనది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ఉదంతంలో జారీ చేసిన సంస్థల తప్పు ఏమీ లేదు. ఎన్ని సర్టిఫికెట్లు రద్దుచేసినా ప్రయోజనం ఉండదు. సాఫ్ట్‌వేర్‌ను మార్చడమే మార్గం.

అధికారులు గమనించవలసిన అంశాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ప్రారంభమైన మీసేవ ద్వారా అధికారుల డిజిటల్ సంతకంతో ధ్రువపత్రాలు ప్రజలకు అందుతున్న విషయం విదితమే. కాగితంపై ముద్ర, సిరా సంతకం ఉన్న రోజులలో అనుమానం వస్తే గుమాస్తా కంటితో చూసి చెప్పగలిగేవాడు. డిజిటల్ సంతకాన్ని కంటితో పోల్చుకోవడం సాధ్యం కాదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే తీర్పే ఆధారం. విద్యార్థి ఉపకార వేతనం, వృద్ధుని పింఛను, రైతు ఖాతాకు జమయ్యే సొమ్ము వంటివి ఒక కంప్యూటర్ మరొక కంప్యూటర్‌ను గుర్తించడంపై ఆధారపడి ఉన్నాయి. బ్రౌజర్‌లో హెచ్చరిక వస్తే మనిషి ఆగి ఆలోచించగలడు. రాత్రివేళ తమంతట తాముగా సమాచారం ఇచ్చిపుచ్చుకునే సర్వర్ల వద్ద హెచ్చరికను చూసే మనిషి ఉండడు.

ఈ దృష్ట్యా కార్యాలయాలలో వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ల విషయమై ఈ క్రింది జాగ్రత్తలు అవసరం.

1. ఏ సర్వర్‌లో, ఏ పరికరంలో ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉన్నదో జాబితా సిద్ధంగా ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు లైబ్రరీని తమలోనే కలుపుకొని వస్తాయి. వాటిని విక్రేత వద్ద విడిగా ఆరా తీయాలి. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 0.9.8 శాఖకు 2015 డిసెంబరు 31తోను, 1.1.1 శాఖకు 2023 సెప్టెంబరు 11తోను నిర్వాహకుల ఉచిత భద్రతా సవరణలు నిలిచిపోయినవి.

2. సవరణను అమర్చిన తరువాత సంబంధిత సేవలను పునఃప్రారంభించాలి. లేనిచో నడుస్తున్న ప్రోగ్రాములు పాత కోడ్‌నే వాడుతూ ఉంటాయి.

3. సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించే ముందు సరైన సర్టిఫికెట్‌తో పనిచేస్తున్నదా అని చూడడంతో సరిపెట్టరాదు. గడువు తీరిన సర్టిఫికెట్, వేరే పేరుతో ఉన్నది, తెలియని సంస్థ జారీ చేసినది, సంతకం మార్చినది, సంతకం రూపమే చెడగొట్టినది – వీటిలో ప్రతి ఒక్కదానిని తిరస్కరిస్తున్నదని విక్రేత నిరూపించాలి.

4. పని ఆగిపోతున్నదన్న కారణంతో సర్టిఫికెట్ల తనిఖీని 'తాత్కాలికంగా' నిలిపివేయడం తగదు. లోపం వల్ల కలిగే నష్టమే ఈ వెసులుబాటు వల్లనూ కలుగుతుంది. తనిఖీ లేకున్నా పనులు సాగిపోతాయి గనుక, దానిని తిరిగి అమలుచేయాలన్న సంగతి ఎవరికీ గుర్తుకురాదు.

5. చొరబాటు వంటి సంఘటన దృష్టికి వచ్చినప్పుడు, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల మేరకు 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయవలసి ఉంటుంది.

పాత్రికేయులకు

ఇటువంటి లోపం వెల్లడైనప్పుడు 'ఎన్‌క్రిప్షన్ ఛేదించబడింది' అని రాయడం సరికాదు. పైన వివరించిన ఉదంతాలలో దేనిలోనూ గణితం ఓడిపోలేదు. గణితం ఇచ్చిన జవాబును చదవడంలోనో, దానిని అడగడంలోనో పొరపాటు జరిగింది. ఏ వెర్షన్లకు వర్తిస్తుంది, ఏ రకం సంతకాలకు వర్తిస్తుంది, దాడి చేసేవాడు మార్గమధ్యంలో ఉండవలసిన అవసరం ఉన్నదా, సవరణ విడుదలైనదా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ఇస్తే పాఠకులకు అనవసరమైన భయమూ కలగదు, అవసరమైన జాగ్రత్త విషయంలో ఉపేక్షా ఉండదు. 'లోపం ఉన్నది' అనడానికీ, 'దానిని ఉపయోగించి దాడి జరిగింది' అనడానికీ గల భేదాన్ని పాటించడం కూడా ముఖ్యం.

2009 నాటి సవరణలో మారినది ఒక చిన్న షరతు మాత్రమే. తిరస్కరించడానికి కారణం వెదకే పద్ధతి పోయి, ఆమోదించడానికి ఆధారం కోరే పద్ధతి వచ్చింది. సంతకాన్ని సరిచూసే కంప్యూటర్‌కైనా, బిల్లును పరిశీలించే కార్యాలయానికైనా వర్తించే నియమం ఇదే. పరీక్ష పూర్తికానంత వరకు జవాబు 'కాదు' అనే భావించాలి.